ఆముదం అయిపోయిన ఆట

ఆత్మకూరులో పుస్తకాల గది తెరిచి నాలుగేళ్లయింది. రెండు బీరువాలు, ఒక బల్ల, మూడు కుర్చీలు. ఆ రెండు బీరువాల్లో నేను చదవని పుస్తకం ఇప్పుడు ఒక్కటీ లేదు. ముప్పై దాటాక ఇసుకలో అక్షరాలు దిద్దినదాన్ని. మిషను నుంచి వచ్చే ఒకమ్మ మా అరుగు మీద కూర్చుని వేలు పట్టుకుని దిద్దించింది. ఆ తర్వాత దొరికిన కాగితమల్లా చదివాను, బెల్లం చుట్టిన కాగితంతో సహా. కనుక పుస్తకాల గదిలో ఏదైనా తగవు వస్తే, ముసలిదాన్నని చూడకుండా నన్ను అడుగుతారు. అది నాకు ఇష్టమే.

పోయిన నెల అలాంటి తగవే వచ్చింది. నెల్లూరులో డేరా వేసి తెర మీద కదిలే బొమ్మలు చూపిస్తున్నారని మావాళ్లు నలుగురు వెళ్లి వచ్చారు. ఆ బొమ్మల కథలో ఒక మొగుడూ పెళ్లాం. ఇద్దరూ కలిసి దొంగతనాలు చేస్తారట, ఇంట్లో మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకోరట. చివరికి ఆమె అతన్ని పట్టిస్తుందట. పట్టించడం న్యాయమేనని ఇద్దరు, తప్పని ఇద్దరు. గంటసేపు అరుచుకుని నా వైపు తిరిగారు.

“నువ్వు చెప్పవ్వా, అన్ని పుస్తకాలు చదివినావు గదా.”

నేను ఆ బొమ్మ చూడలేదని చెప్పి తప్పించుకున్నాను. కానీ అదే కథ, అవే మాటలు నలభై ఏళ్ల కిందట ఒకసారి విన్నాను. అప్పుడు ఆ మాటల మీద ఆధారపడి ఉన్నది నా గంజి.

అది ధాత సంవత్సరపు కరువు. మర్రిపాడు వైపు వెళ్లే బాట మీద సర్కారువాళ్లు కంకర పని పెట్టారు. ఎండిన చేలు వదిలి చుట్టుపక్కల ఊళ్ల జనమంతా ఆ బాట పక్కనే గుడిసెలు వేసుకున్నాము. ఉత్తరాన ఉదయగిరి కొండ కనపడుతూ ఉండేది. దాని మీద మబ్బు పట్టిందేమోనని పొద్దున్నే అందరూ ఒకసారి చూసేవారు. కొన్నాళ్లకు చూడటం మానేశారు.

అక్కడ పని జంటల లెక్కన నడిచేది. ఒకరు సుత్తితో రాయి కొట్టాలి, ఒకరు తట్టతో మోసి కుప్ప పెట్టాలి. జంటకు ఒక కుప్ప: మోకాలెత్తు, బారెడు పొడవు. సాయంత్రం మేస్త్రీ వచ్చి కర్ర పెట్టి కొలిచేవాడు. కొలతకు వస్తే గింజలు, రాకపోతే లేదు. జంటకు ఒకటే రేకు బిళ్ళ ఇచ్చేవారు. అది మోసేవాళ్ల మెడలో ఉండాలి, గింజలు తీసుకునేటప్పుడు కొట్టేవాళ్లు పక్కన నిలబడాలి. ఇద్దరిలో ఒకరు రాకపోయినా ఆ రోజుకు బిళ్ళ చెల్లదు.

నా జంట నా మొగుడే. మేము మాట్లాడుకోవటం లేదు.

వానలు రెండోసారి కూడా మోసం చేసినప్పుడు, కడప వైపు పని చూసి వస్తానని ఆయన వెళ్లాడు. వారంలో వస్తానన్నాడు. రెండు నెలలు రాలేదు. ఆ రెండు నెలల్లో ఆయన తల్లి, అంటే మా అత్త, ఆకలికి వాచిపోయి చచ్చిపోయింది. మోసేవాళ్లు దొరకక నేనూ పక్కింటి ముసలాయనా చాపలో చుట్టి ఈడ్చుకెళ్లాము. కంకర పని మొదలైందని, జంటలకే బిళ్ళ ఇస్తున్నారని తెలిసిన మూడో రోజు ఆయన వచ్చి గుడిసె ముందు నిలబడ్డాడు. ఎక్కడికి వెళ్లాడో చెప్పలేదు. నేను అడగలేదు. అమ్మ ఏదని అడిగితే చేత్తో ఆమెను పూడ్చిన దిబ్బ వైపు చూపించాను. ఆ తర్వాత మా మధ్య మాట లేదు. బిళ్ళ మాత్రం ఇద్దరి పేరా వచ్చింది.

కావలసింది ఉంటే పక్క కుప్ప అవ్వతో చెప్పేవాళ్లము. ఆమె తన విధవ కోడలితో జంట కట్టింది. కోడలు రాయి కొట్టేది, అవ్వ మోసేది. అవ్వకు నోటికి అడ్డు లేదు.

“అవ్వా, సుత్తి పిడి ఊడిందని చెప్పు.”

“ఏమ్మే, నీ మొగుడు సుత్తి పిడి ఊడిందంటున్నాడు. నీకు ఇనపడిందా, నేను మళ్లా చెప్పాల్నా? నాకు ఈ మాటల మోత కూలి ఎవురిస్తారు?”

నెల తిరిగేసరికి ఆయన చేతుల్లో సత్తువ పోయింది. దెబ్బకు పగిలే రాయి నాలుగు దెబ్బలకు కూడా పగలటం లేదు. రెండు సాయంత్రాలు మా కుప్ప కొలతకు రాలేదు. మూడో రోజు నేను తట్ట దించి చూసేసరికి, కుప్ప వేసే చోట పెద్ద గుమ్మడికాయంత గుండు ఒకటి పెట్టి ఉంది. నల్లరాయి, నడుం చుట్టూ తెల్లగా ఒక గీత. ఆయన తల వంచుకుని వేరే రాయి కొడుతున్నాడు. చుట్టూ చూశాను. ఎవరూ చూడటం లేదు. తట్టలో కంకర దాని మీద పోశాను. గీత కనపడకుండా చేత్తో సర్దాను. ఆ సాయంత్రం కుప్ప కొలతకు వచ్చింది, గింజలు వచ్చాయి. తెల్లవారి కంకర పరిచేవాళ్లు రాకముందే ఆయన గుండును దొర్లించుకుని కొత్త కుప్ప చోటుకు తెచ్చేవాడు. నేను తట్ట పోసేదాన్ని. ఆయన పెట్టటం, నేను కప్పటం. రోజూ అదే గుండు. ఇంట్లో కాపురం లేదు గాని, దొంగతనంలో మాది తప్పు పట్టడానికి లేని కాపురం.

మాకు రెండు కుప్పల అవతల బొమ్మలాటవాళ్లు, మొగుడూ పెళ్లాం, వాళ్లూ రాళ్లే కొట్టేవాళ్లు. తోలుబొమ్మల పెట్టె తెచ్చుకున్నారు గాని, ఆకలికి రాక్షసుల బొమ్మలను ఉడకబెట్టి ఆ నీళ్లు తాగారని చెప్పుకునేవారు. అది నిజమే అనుకుంటాను. పెట్టెలో పెద్ద బొమ్మ ఒక్కటీ మిగలలేదు. ఒక మొగుడు బొమ్మ, ఒక పెళ్లాం బొమ్మ, ఒక కావలివాడి బొమ్మ, అంతే. నవ్వించడానికి మధ్యలో వచ్చే చిన్న బొమ్మలు అవి.

ఒక సాయంత్రం గింజలిచ్చాక వాళ్లు పంచె తెరగా కట్టి ఆముదం దీపం పెట్టారు. చూడాలనుకున్నవాళ్లు చిటికెడు గింజలు వేయాలి. వేశారు. కడుపుకు లేనివాళ్లు కూడా వేశారు. నాకిప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

పెద్ద బొమ్మలు లేవు కనుక పురాణం లేదు. మొగుడు బొమ్మ ఊరు తిరిగి వచ్చింది. “యాడికి పొయ్యినావురా?” అని ఊళ్లోవాళ్ల గొంతు అడిగితే “గాలి యాడికి పోతే ఆడికి” అంది. జనం నవ్వారు. ఇద్దరికీ మాటల్లేవు. అయినా పెద్దకాపు దొడ్లో గుమ్మడికాయ మొగుడు దొంగిలిస్తాడు, పెళ్లాం దాన్ని పిడకల గూటి కింద కప్పుతుంది. ఒకరినొకరు చూసుకోరు. ఒకరి వీపు ఒకరికి పెట్టి పిడకలు పేరుస్తారు. ఆ పేర్చటంలో పెళ్లాం బొమ్మ చెయ్యి కదిలిన తీరు గుర్తుపట్టాను. అది నా చెయ్యి. నేను గీతను కప్పేటప్పుడు సర్దే సర్దు. రెండు కుప్పల అవతలి నుంచి బొమ్మలాటాయన అన్నీ చూశాడు.

కావలివాడు వచ్చాడు. పెళ్లాం బొమ్మను నిలబెట్టి, “నువ్వు చెప్పినావంటే నిన్ను వదిలేస్తా, వాడిని కట్టేస్తా. చెప్తావా, చెప్పవా?” అన్నాడు. పెళ్లాం బొమ్మ చెయ్యి పైకి లేచింది. అంతలో దీపం చిట్లి, కొండెక్కింది. ఆముదం అయిపోయింది. ఆ బాట మీద ఎవరి దగ్గరా ఒక చుక్క ఆముదం లేదు. చీకట్లో కాసేపు కూర్చుని తిట్టుకుంటూ లేచాము.

మర్నాడు పొద్దున సుత్తులు మొదలవ్వగానే మాటలూ మొదలయ్యాయి.

“చెప్పుంటాది,” అంది పక్క కుప్ప అవ్వ. “ఎందుకు చెప్పగూడదు? ఇడిసి పెట్టి గాలికి తిరిగినోడు. కట్టేసి తీసకపోనీ.”

“ఆమె గూడా కప్పింది గదత్తా,” అంది కోడలు. “కప్పినామె చేతులు శుద్ధమా?”

“ఆకలైతే కప్పింది.”

“వాడు మాత్రం కడుపు నిండి దొంగిలించినాడా?”

బొమ్మలాటవాళ్లకూ మాకూ మధ్య కుప్ప ఆయన సుత్తి దించి, “ఆ కథే బాగలా. దేవుడు లేడు, రాక్షసుడు లేడు, గుమ్మడికాయ కథేంది?” అన్నాడు.

“ఉడకబెట్టుకోని తాగినాక యాడొస్తాడ్రా రాక్షసుడు!” అంది అవ్వ. అందరూ నవ్వారు. బొమ్మలాటాయన కూడా నవ్వాడు. కావాలంటే ఆయన్నే అడిగి పెళ్లాం బొమ్మ ఏం చెప్పిందో తెలుసుకోవచ్చు. ఎవరూ అడగలేదు. అడిగితే తగవు అయిపోతుంది, తగవు లేకపోతే పొద్దు జరగదు.

మేస్త్రీ కూడా వచ్చి నిలబడి విన్నాడు. రాత్రి ఆయనా చూశాడు. “కావలోడు తెలివిలేనోడు,” అన్నాడు. “ఆడదాన్ని అడిగేదేంది? గడ్డపారతో పిడకల్లో ఒక పోటు పొడిస్తే పోలా?”

“నువ్వు కావలోడివైతే ఆట మూడు మాటల్లో అయిపోతాది సామీ. మా గింజలు దండగ,” అంది అవ్వ.

ఈ మాటలన్నీ వింటూ నేను తట్టలు మోస్తున్నాను. తర్వాతి రోజుల్లో నాటకాల మీద పెద్ద పెద్దవాళ్లు రాసిన అభిప్రాయాలు ఎన్నో చదివాను. కథానాయిక ఎలా ఉండాలి, ఎలా ఉండకూడదు అని పేజీలకు పేజీలు. ఆ కుప్పల దగ్గర మాట్లాడినవాళ్లకంటే ఎక్కువ చెప్పినవాళ్లు నాకు కనపడలేదు. కానీ కుప్పల దగ్గరివాళ్లు చెబుతున్నది నా గురించి అని వాళ్లకు తెలియదు. ఆమె ఇల్లు విడిచి పోవాల్సిందని ఒకరు, వాడి గంజిలో ఉమ్మాల్సిందని ఒకరు. పోతే బిళ్ళ ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. నా మొగుడి సుత్తి మాత్రం, అందరూ ఆపి నవ్వినప్పుడు కూడా, ఒకే తీరుగా పడుతూ ఉంది. దాన్ని బట్టి ఆయన కూడా ఆటలో తనను గుర్తుపట్టాడని నాకు తెలిసింది.

మధ్యాహ్నం నీళ్లకు ఆపారు. అప్పుడు బొమ్మలాటామె లేచి, కొంగులో ఏదో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

వాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరింటి సంగతి ఆటలో వాడుకుంటే వాళ్లకు వచ్చిన గింజల్లో చేరెడు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ బొమ్మకు నోరు పడిపోతుందని వాళ్ల నమ్మకం. అది చాటుగా ఇచ్చేది కాదు, నలుగురిలో ఇవ్వాలి. ఊరి పెద్దల గుట్టు ఆటలో పెట్టినప్పుడు అది బాగానే ఉంటుంది, అందరూ నవ్వుకుంటారు. కరువులో, మేస్త్రీ పది అడుగుల దూరంలో ఉండగా, ఆమెకు అది తోచలేదు. తప్పకుండా ఇవ్వాలన్నదొక్కటే తోచింది.

“తీసుకో తల్లీ,” అంది. “రాత్రి ఆటలో నీ భాగం. మొగుడూ పెళ్లాం ఇద్దరిదీ.”

నేను చెయ్యి చాపలేదు. ఆమె నా చెయ్యి పట్టుకుని గింజలు పోసింది. చుట్టూ ఎవరూ నీళ్లు తాగటం లేదు.

అవ్వ నోరు తెరిచి, “ఓయమ్మా,” అంది. అంతే. ఆమెకు మాట దొరక్కపోవటం అదొక్కసారే చూశాను.

మేస్త్రీ మా కుప్ప వైపు చూశాడు. నా చేతి వైపు చూశాడు. గడ్డపార తీసుకుని వచ్చి కుప్ప మధ్యలో పొడిచాడు. ఠంగుమంది. కంకర కాలితో తోశాడు. తెల్లగీత బయటపడింది.

చెడ్డవాడు కాదు. ఆయన మొహం కూడా మా అందరి మొహంలాగే ఎండిపోయి ఉంది. కుప్పలో గుండు పెడితే బిళ్ళ తీసేసి బాట నుంచి వెళ్లగొట్టాలని ఆర్డరు. అలా వెళ్లగొట్టినవాళ్లను మూడు రోజుల తర్వాత బాట పక్కన చూసేవాళ్లము. అది ఆయనకూ తెలుసు.

“చూడమ్మా,” అన్నాడు నాతో. “వాడు నిన్ను ఇడిసి పొయ్యినోడని అందరికీ తెలుసు. గుండు వాడే పెట్టినాడు, నాకు తెలియదు అని చెప్పు. నీ బిళ్ళ నీకుంటాది. ఆ అవ్వతో జంట కడతా, కోడలికి ఇంకోరిని చూస్తా. వాడిని పంపిస్తా. చెప్తావా?”

బొమ్మ కావలివాడి మాటలే. ఆయనకు ఆ సంగతి తట్టిందో లేదో. జనానికి తట్టింది. అందరూ దగ్గరికి జరిగారు. రాత్రి ఆగిపోయిన చోటి నుంచి ఆట మళ్లీ మొదలైనట్టు నిలబడ్డారు.

నా మొగుడు సుత్తి కింద పెట్టి నేల చూస్తున్నాడు. ఆయన మీద నాకు జాలి కలిగిందని రాస్తే పుస్తకానికి బాగుంటుంది. కలగలేదు. అత్తను చాపలో ఈడ్చుకెళ్లినప్పుడు చాప చివర తెగి ఆమె కాళ్లు నేల మీద గీసుకుపోవటం గుర్తొచ్చింది. చెప్పేద్దామనే నోరు తెరిచాను. అప్పుడు నా చేతులు చూసుకున్నాను. ఒక చేతిలో గింజలు, ఇంకో చేతికి కంకర దుమ్ము. పంతొమ్మిది రోజులు ఆ గీతను కప్పిన చెయ్యి. నాకు తెలియదని ఎట్లా చెప్పను?

“ఆయన పెట్టినాడు,” అన్నాను. “నేను కప్పినాను. రోజూ.”

జనంలో ఒక నిట్టూర్పు లేచింది. మెచ్చుకోలు కాదు, నిరాశ. మేస్త్రీ గడ్డపార మీద వాలాడు. ఆ తర్వాత ఈ రోజు గింజలు లేవన్నాడు. పొద్దు గూకేలోపల ఆ గుండును నిమ్మకాయంత ముక్కలుగా కొట్టి కుప్ప పెట్టండి, పెడితే మీ బిళ్ళ మీకు, లేదంటే ఇద్దరూ పొండి అన్నాడు.

నా మొగుడు కొట్టాడు. పది దెబ్బలకు తెల్లటి మచ్చలు పడ్డాయి గాని చిట్లలేదు. ఇరవై దెబ్బలకు సుత్తి ఎత్తలేక కూర్చున్నాడు. నేను తీసుకుని కొట్టాను. నా వల్లా కాలేదు. పొద్దు పడమటికి దిగుతోంది. పక్క కుప్పలవాళ్లు తమ పని తాము చేసుకుంటూనే మమ్మల్ని చూస్తున్నారు. సాయం చేస్తే వాళ్ల కుప్ప తగ్గుతుంది. నేను వాళ్లను తప్పు పట్టను.

ఆయన మళ్లీ లేచి గుండు నడినెత్తి మీద కొట్టబోయాడు. నేను ఆ గుండును రోజూ చేత్తో తడిమినదాన్ని. గీత ఒక పక్కన వెడల్పుగా, పొడిపొడిగా ఉంటుంది, వేలు పెడితే రాలుతుంది. అది ఆయనకు తెలియదు. ఆయన పెట్టి అటు తిరిగేవాడు.

“ఆడ కాదు,” అన్నాను. “గీత మీద కొట్టు. ఈ పక్క.”

ఆయన సుత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే నన్ను చూశాడు. అవ్వ ఆ పక్క నుంచి, “అబ్బ, నా మోత తీరింది!” అంది. నేను గుండును తిప్పి గీత పైకి వచ్చేలా కంకరలో కుదించి రెండు చేతులా పట్టుకున్నాను. ఆయన కొట్టాడు. నాలుగో దెబ్బకు గుండు రెండైంది. ఆ పైన చిన్న ముక్కలు చేయటం రోజూ చేసే పనే. మేస్త్రీ కర్ర పెట్టి కొలిచాడు, బిళ్ళ నా మెడలోనే ఉంచి వెళ్లాడు.

ఆ సాయంత్రం మాకు తినటానికి ఉన్నది ఆటలో మా భాగం ఒక్కటే. చేరెడు గింజలు గంజి కాచి చెరి సగం తాగాము. మాట్లాడవలసింది అంతకుముందే అయిపోయింది.

మర్నాడు మళ్లీ అదే తగవు. ఈసారి నా ముందే.

“చెప్పుంటే బాగుండేదిమే,” అంది అవ్వ. “నాకేం బాగలా. అంతసేపు చూసినాము, తుస్సుమంది.”

“ఆటైతే చెప్పాల,” అంది కోడలు. “ఇది ఆట గాదు గదత్తా.”

“గింజలు వేసినాక ఏదైతే ఏంది?”

వానలు పడ్డాయి, పని ఎత్తేశారు, ఎవరి ఊళ్లకు వాళ్లం చేరాము. ఆయనా నేనూ ఇంకో ముప్పై ఏళ్లు కాపురం చేశాము. బాగా చేశామని చెప్పను. పెద్దగా పోట్లాడుకున్నదీ లేదు. ఆ రెండు నెలలు ఎక్కడున్నాడో ఆయన చెప్పకుండానే కన్నుమూశాడు. నేను చదువు నేర్చుకుంటానంటే వద్దనలేదు. దీపానికి ఆముదం ఎప్పుడూ ఆయనే తెచ్చి పెట్టేవాడు.

కరువు పోయి ఆరేడేళ్ల తర్వాత ఒక కోతల కాలంలో ఆ బొమ్మలాటామె మా వాకిట్లోకి వచ్చింది. ఒళ్లు చేసింది. కొంగులో నుంచి చేరెడు వడ్లు తీసింది.

“చేజర్లలో ఆడినాము, దుత్తలూరులో ఆడినాము. మీ భాగం,” అంది.

ఆయన అరుగు మీద పగ్గం పేనుతున్నాడు. తల ఎత్తకుండా అడిగాడు. “ఇప్పుడు ఆమె ఏం చెప్తాది?”

“ఊరిని బట్టి నాయనా. చేజర్లలో చెప్పేసింది, బాగుందన్నారు. దుత్తలూరులో చెప్పలా, ఆడోళ్లు మా మీద మట్టి పోసినారు.”

ఆమె నవ్వి, వడ్లు నా చేట్లో పోసి వెళ్లిపోయింది. ఆయన పగ్గం పేనటం ఆపి వీధి వైపు చూశాడు.

“ఆ పొద్దు నువ్వు నా ఒక్కడి మీద చెప్తావనుకున్నా,” అన్నాడు.

“నేనూ అట్టనే అనుకున్నా,” అన్నాను. వడ్లు చెరగటానికి చేట తీసుకుని లోపలికి వెళ్లాను.